పళ్ళ డాక్టరుగారి నిమ్మకాయంత ఇంజను

ఈమధ్య బెజవాడలో ఒక కుర్ర డాక్టరు నా దవడపన్ను చూసి, "బాగా అరిగిపోయిందండీ, తీసేద్దాం" అన్నాడు. పట్టుమని ఒక్క నిమిషం కూడా చూడలేదు. నేను నోరు తెరుచుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను కాబట్టి బతికిపోయాడు. లేకపోతే మా జగ్గయ్యపేట పళ్ళ డాక్టరుగారి సంగతంతా అక్కడే ఏకరువు పెట్టేవాణ్ణి. అరిగిపోయింది అన్న మాట వింటే చాలు, ఆయన మొహం వెలిగిపోయేది. చొక్కా చేతులు పైకి మడిచి, స్టూలు దగ్గరికి లాక్కుని, "ఏదీ, చూద్దాం" అనేవారు. అది పన్నయినా సరే, విమానం ఇంజనయినా సరే.

విమానమంటే మనుషులెక్కేది కాదు. చెక్కతో, కాగితంతో చేసి మైదానంలో ఎగరేసే బొమ్మ విమానం. దాని ముక్కుకి బిగించే డీజిల్ ఇంజను నిమ్మకాయంత ఉంటుంది. అలాంటివాటికి మరమ్మతు చేసే మనిషి మన వైపు ఆయనొక్కరే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పేరు చెప్పను. చెప్పినా పేటలో సగంమందికి తెలియదు, 'పళ్ళ డాక్టరుగారు' అంటేనే తెలుస్తుంది.

డెబ్బైల మొదట్లో మా నాన్న తరవాత మందుల కొట్లో నేను కూర్చున్న కొత్త. ఒకనాడు ఆయన వచ్చి, "ఈథరు ఉందా?" అన్నారు.

"ఎంత కావాలండి?"

"ఎంతుంటే అంత."

ఈథరు పెద్దాస్పత్రుల్లో ఆపరేషన్లకి మత్తిచ్చే మందు. పళ్ళ డాక్టరుకి దాంతో పనేమిటో నాకు అర్థం కాలేదు. పైగా, "మంచి ఆముదం కూడా పెట్టు" అన్నారు. మనిషికి మత్తిచ్చి ఆముదం తాగించే వైద్యం ఏమై ఉంటుందా అని ఆ రోజంతా ఆలోచించాను. తరవాత నెలా అదే వరస. డాక్టరుగారు తలుపులేసుకుని ఈథరు పీలుస్తున్నారని బజార్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఇంట్లో ఎవరికన్నా బాలేదాండీ?"

"ఒకడికి బాలేదు. ఈథరు, ఆముదం, కిరసనాయిలు సమపాళ్ళలో కలిపి పోస్తే గానీ లేవడు. రా, చూపిస్తా."

వెళ్ళాను. కుర్చీలో కంచికచర్ల నుంచి వచ్చిన రైతొకాయన వాచిన బుగ్గకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. పక్కనే కుట్టుమిషనులా కాలితో తొక్కే డ్రిల్లు. బల్ల మీద పళ్ళు పీకే పటకార్ల సరసన, చెక్కదిమ్మకి బిగించి ఉంది ఆ చిట్టి ఇంజను. డాక్టరుగారు దాని గొంతులో ఇంత ఇంధనం పోసి, ముందున్న ఫ్యానుని వేలితో చటుక్కున తిప్పారు. తేనెపట్టు మీద రాయి పడ్డట్టు లేచింది శబ్దం. గదినిండా ఈథరు వాసన, ఆముదం పొగ. రైతు కుర్చీలోంచి ఒక్క గెంతున వీధిలో పడ్డాడు.

"ఏమయ్యా, పన్నూ?" అని కేకేశారు డాక్టరుగారు.

"నొప్పి పోయిందండీ!" అన్నాడతను, వెనక్కి చూడకుండా.

ఆ ఇంజనుకి ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు. పిస్టన్ పైకి వచ్చి నొక్కితే ఆ నొక్కుడు వేడికే ఈథరు అంటుకుంటుంది. అందుకని పిస్టనూ సిలిండరూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉండాలి. వెంట్రుకవాసి అరిగినా గాలి జారిపోయి ఇంజను లేవదు. ఆ ఇంజన్లు ఇంగ్లండులో తయారైనవి. చేసినవాళ్ళు ఎప్పుడో మూసేశారు. విడిభాగాలు దొరకవు. హైదరాబాదు నుంచీ మద్రాసు నుంచీ ఆ పిచ్చి ఉన్నవాళ్ళు గుడ్డలో చుట్టి పోస్టులో పంపేవారు. కొత్త పిస్టన్ చేసి, సిలిండర్లో మెత్తటి పేస్టు రాసి, అటూ ఇటూ తిప్పుతూ రుద్ది రుద్ది కుదిర్చేవారాయన. ఆఖరి మెరుగు పళ్ళపొడితో. ఆ మెరుగు మీద ఆయనకి ఎంత గర్వమంటే, "ఇంత తెల్లటి నోరు పేటలో ఒక్కడికీ లేదు" అనేవారు.

పేషంటు పంటి మీద అద్దం కాడతో తట్టి, "నొప్పెక్కడ?" అనేవారు. ఇంజను మీదా అదే కాడతో తట్టి అదే మాట అనేవారు. పన్ను పీకడమంటే ఆయనకి మహా చిరాకు. పల్లెలవాళ్ళు వచ్చి, "పీకెయ్యండి బాబూ, పీడా పోద్ది" అంటే, "పీకడానికి నేనెందుకయ్యా? తలుపుకి దారం కట్టుకుంటే చాలదూ?" అని కసిరి, వాళ్ళు వద్దంటున్నా తొలిచి సిమెంటు పెట్టి పంపేవారు. నాతో మాత్రం మెల్లిగా అనేవారు, "అరగడం జబ్బు కాదు రత్నం. పనిచేసిందని గుర్తు. దానికి మర్యాద చెయ్యాలి."

ఆయన భార్యని నేను అక్కయ్యగారూ అని పిలిచేవాణ్ణి. ఆవిడకి ఆ ఇంజన్లంటే గిట్టదు. మా పేట ఎండలకి ఈథరు సీసాలో ఉండగానే ఆవిరైపోతుంది. అందుకని వేసవిలో డాక్టరుగారు సీసా తీసుకెళ్ళి ఆవిడ మంచినీళ్ళ కుండ పక్కన తడిగుడ్డలో చుట్టి పెట్టేవారు.

"చూడు రత్నం, చుట్టాలొచ్చి మంచినీళ్ళు తాగి, ఇదేమిటమ్మా ఆస్పత్రి వాసనొస్తోందీ అంటున్నారు. ఏం చెప్పమంటావ్?"

"ఆస్పత్రే కదటే!" అనేవారు డాక్టరుగారు లోపల్నుంచి.

ఈ పిచ్చి ఆయనకి అంటించింది నందిగామ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, దానియేలుగారు. మిలటరీలో చేసి వచ్చిన మనిషి. నిటారుగా నడిచేవాడు, గట్టిగా మాట్లాడేవాడు. మిలటరీలో ఉండగా ఎవరో దొర దేశం వదిలిపోతూ ఆయనకి ఒక ఇంజను ఇచ్చి వెళ్ళాడట. అది అరిగిపోతే బెజవాడ వర్కుషాపులన్నీ తిప్పాడు. అందరూ పారెయ్యమన్నారు. ఆ తిరుగుళ్ళలోనే పన్నునొప్పి వచ్చి మా డాక్టరుగారి కుర్చీలో కూర్చున్నాడు. నోట్లో సిమెంటు పెడుతూ డాక్టరుగారు, "జేబులో ఏమిటండీ అంత ఎత్తుగా?" అని అడిగారట. అంతే. పన్నూ ఇంజనూ రెండూ బాగుపడ్డాయి, ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆదివారం వస్తే మాస్టారు చర్చి కాగానే బస్సెక్కి పేటలో దిగేవాడు. ఆయన ఎగరేసేవాడు, ఈయన బాగుచేసేవారు. ఇద్దరూ ఒకరినొకరు గారూ గారూ అనుకునేవారు. కోపం వస్తే ఆ మర్యాద ఇంకా పెరిగేది.

ఆ మర్యాద ఆకాశానికి అంటింది ఒక జెండా పండగప్పుడు. నందిగామ స్కూల్లో జెండా ఎగరేశాక విమానం ఎగరేస్తానని దానియేలు మాస్టారు ఊరంతా చాటాడు. తీరా అందరూ చేరాక ఇంజను లేవలేదు. ఎండ, జనం, పిల్లల ఈలలు. ఆయన కంగారులో ఇంధనం ఎక్కువ పోసేశాడు. సిలిండరు నిండిపోతే పిస్టన్ పైకి రాదు, అప్పుడు ఆపేసి తిరగేసి వొంపాలి. ఆయన ఆపకుండా బలమంతా పెట్టి ఫ్యాను తిప్పాడు. లోపల టక్కుమంది. పిస్టన్‌ని పట్టుకుని ఉండే చిన్న రాడ్డు వంగిపోయింది, పిస్టన్ ఒక పక్కకి ఒరిగి సిలిండర్ని గీరేసింది.

మర్నాడు రుమాల్లో చుట్టి తెచ్చాడు. డాక్టరుగారు విప్పి, కిటికీ వెలుతురులో ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. నేను అక్కడే ఉన్నాను.

"మాస్టారుగారూ, తమరు మిలటరీలో తుపాకులు పట్టారేమో గానీ ఇది తుపాకీ కాదండి."

"ఊరంతా చూస్తుంటే నా పరువు పోయిందండి డాక్టరుగారూ. తమరికి ఇనుం బాధే గానీ మనిషి బాధ పట్టదాండి?"

"మనిషి కాసేపు ఆగితే ఇనుముకీ బాధ ఉండేది కాదండి. దయచేసి తీసుకెళ్ళండి. దీన్ని మళ్ళీ నేను ముట్టుకోను."

అదే రుమాల్లో మళ్ళీ చుట్టి, రెండు చేతులతో అందించారు. మాస్టారు కూడా రెండు చేతులతో అందుకుని, నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అంత మర్యాదగా విడిపోయిన మనుషుల్ని నేను చూడలేదు.

మా పెద్దక్క ఇల్లు నందిగామలో కావడంతో నేను తరచూ వెళ్ళివచ్చేవాణ్ణి. రాగానే డాక్టరుగారు, "నందిగామలో ఎండలెలా ఉన్నాయి?" అనేవారు. చలికాలంలో కూడా అదే ప్రశ్న. "మాస్టారు బానే ఉన్నారండి" అంటే, "ఆయన సంగతి నేనడిగానా?" అని విసుక్కునేవారు గానీ మొహం మాత్రం తేటపడేది. అక్కడ మాస్టారిదీ అదే తంతు. "పేటలో సిమెంటు దొరుకుతోందా?" అని అడిగేవాడు.

ఒకసారి నందిగామ బస్టాండులో మాస్టారు కనబడ్డాడు. దవడ వాచి ఉంది. బెజవాడ వెళ్ళి పన్ను పీకించుకుని వస్తున్నాడట. ఆ మాట నేను డాక్టరుగారికి చెప్పాను. అప్పటిదాకా కూర్చుని ఉన్న మనిషి లేచి నుంచున్నారు.

"పీకించుకున్నాడా? ఏ పన్ను?"

"కింద ఎడంపక్కదనుకుంటానండి."

"అది నేను కట్టిన పన్నయ్యా! ఇంకో ఇరవయ్యేళ్ళు ఉండేది. పీకడానికి వాడెవడు, పీకించుకోడానికి ఈయనెవరు?"

ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదని అక్కయ్యగారు చెప్పింది. ఇంజను పాడైన రోజున కూడా రెండోసారి వడ్డించుకున్నారట.

ఎనభైల్లోకి వచ్చాక ఆయన రాసిన చీటీలు చదవడం నాకు కష్టమైంది. డాక్టర్ల రాత ఎలాగూ అంతే కదా అని మొదట పట్టించుకోలేదు. తరవాత ఒకనాడు నా కొట్లోనే ఈథరు చిన్న సీసాలోకి వొంపుకుంటూ సగం బల్ల మీద పోసేశారు. కుడిచెయ్యి వణుకుతోంది. నేను చూశానని ఆయన చూశారు.

"వయసయ్యా," అన్నారు తేలిగ్గా. "లోపల పేస్టు రాసి పట్టుకుంటే చాలు, ఇక రుద్దక్కర్లేదు. దానంతటదే రుద్దుకుంటుంది."

ఆయన నవ్వారు కాబట్టి నేనూ నవ్వాను. కానీ డ్రిల్లు మిషను మీద గుడ్డ కప్పేశారు. పేషంట్లకి మాత్రలు రాసి, పెద్ద పని ఉంటే ఖమ్మం వెళ్ళమనడం మొదలెట్టారు. పోస్టులో వచ్చిన ఇంజన్లు విప్పకుండానే తిప్పి పంపేవారు. ఆ ఇంట్లో శబ్దం ఆగిపోయింది. గిట్టదు గిట్టదు అన్న అక్కయ్యగారే నన్ను వాకిట్లో ఆపి, "రోజంతా ఆ కిటికీ దగ్గర ఊరికే కూచుంటున్నారు రత్నం. తిట్టడానికి కూడా ఏం దొరకట్లేదు నాకు" అంది.

ఆ వారం నేను పనిలేకపోయినా నందిగామ వెళ్ళాను. "పేటలో సిమెంటు దొరుకుతోందా?" అన్నాడు మాస్టారు. ఈసారి ఉన్నమాట చెప్పేశాను.

తరవాతి ఆదివారం డాక్టరుగారి వరండాలో పేషంట్ల బెంచీ మీద, అందరితోపాటు వంతు కోసం కూర్చుని ఉన్నాడు దానియేలు మాస్టారు. నిటారుగా. నేను మాత్రలు ఇవ్వడానికి వెళ్ళినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. వంతు రాగానే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"నొప్పెక్కడ?" అన్నారు డాక్టరుగారు, ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు.

మాస్టారు నోరు తెరిచాడు. డాక్టరుగారు అద్దం లోపల పెట్టారు. అది పళ్ళకి తగిలి టకటకా కొట్టుకుంది. ఆ చప్పుడు ముగ్గురమూ విన్నాం. డాక్టరుగారు అద్దం తీసేశారు.

"ఆ బెజవాడవాడు వేరు ముక్క లోపలే వదిలేశాడు."

"అందుకేనండి, ముల్లులా ఉంది."

"ఇన్నాళ్ళూ అలాగే ఉన్నారా?"

"మరెవరికి చూపించమంటారండి?"

డాక్టరుగారి చూపు మాస్టారి జేబు మీద పడింది. మాస్టారు రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరుగారు దాన్ని విప్పారు గానీ ఇంజను చేతిలోకి తీసుకోలేదు.

"నా చేతులు పనికిరావు మాస్టారూ."

"నావున్నాయిగా."

"మీ చేతులా? దీన్ని చంపిందే ఆ చేతులు కదండీ!"

"అందుకే, అవే బాగుచెయ్యాలండి. మీరు చెప్పండి, నేను చేస్తా."

డాక్టరుగారు స్టూలు దగ్గరికి లాక్కున్నారు.

అలా మొదలైంది. వేరు ముక్కకి ఖమ్మం చీటీ రాసిచ్చారు, ఇంజను మాత్రం ఉంచుకున్నారు. పిస్టన్‌కి పోత ఇనుము కావాలంటే, కిలోలు వచ్చాక మూలపడ్డ మా తాతగారి వీశె గుండు పట్టుకెళ్ళి ఇచ్చాను. కోసి చూస్తే లోపలంతా బొబ్బలు. "మీ తాతగారు జనానికి గాలి తూచి అమ్మారయ్యా" అన్నారు డాక్టరుగారు. చివరికి చిల్లకల్లులో ఒక రైతు పారేసిన ఆయిలింజను ముక్క పనికొచ్చింది. నందిగామ లేతు మిషను దగ్గర ఉజ్జాయింపుగా పిస్టన్ తీయించి, రాడ్డు కొత్తది అల్యూమినియం ముక్కలో ఆకురాయితో అరగదీశాడు మాస్టారు. ఆ తరవాత రుద్దుడు. అది బలంతో అయ్యే పని కాదు. డాక్టరుగారు ఆయన భుజం మీదుగా వంగి ఒకటే గోల.

"నెమ్మది! అది గేదె పొదుగు కాదండీ! తిప్పుతూ రుద్దండి. ఆ... వేళ్ళు కదా పట్టుకోవాల్సింది, పిడికిలెందుకు బిగిస్తారు?"

"నా పిడికిలి అంతేనండి, మిలటరీ పిడికిలి."

"రిటైరు చెయ్యండి దాన్ని."

లోపల్నుంచి అక్కయ్యగారు, "ఎందుకండీ ఆయన్నలా తింటారూ?" అంటూ కాఫీలు తెచ్చేది. ఆవిడ గొంతులో కసురుడు మళ్ళీ వచ్చింది. మొదటి పిస్టన్ వదులైపోయింది, ఆదివారాలన్నీ వృథా. మాస్టారు తలపట్టుకుంటే డాక్టరుగారే, "పర్లేదు, ఇంకోటి చేద్దాం. తొందరేముంది మనకి" అన్నారు. రెండోది సిలిండర్లో పెట్టి, కింద బొటనవేలితో మూసి లాగితే గోలీసోడా కొట్టినట్టు టప్పుమంది. డాక్టరుగారు కళ్ళు మూసుకుని, "మళ్ళీ" అన్నారు. మళ్ళీ లాగాడు. "చాలు. ఇక ముట్టుకోకండి."

ఒక ఆదివారం పొద్దున్నే నందిగామ హైస్కూలు మైదానానికి వెళ్ళాం. జనాన్ని పిలవలేదు. నేను, వాళ్ళిద్దరూ, అక్కయ్యగారూ అంతే. ఆవిడ "నేనెందుకూ" అంటూనే పులిహోర కట్టుకుని బస్సెక్కింది. మాస్టారు చేసిన విమానం ఎర్రరంగుది, రెక్కలు మూరెడు. దానికి రెండు సన్నటి తీగలు, తీగల చివర ఒక పిడి. ఆ పిడి పట్టుకుని మైదానం మధ్యలో నిలబడితే విమానం చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. పిడి పైకి వంచితే పైకి, కిందికి వంచితే కిందికి.

ఇంజను వెంటనే అందుకుంది. నేను తోక వదిలాను. అది గడ్డి మీద కాస్త పరుగెత్తి లేచింది. మాస్టారు మధ్యలో తిరుగుతూ ఎగరేస్తుంటే డాక్టరుగారు దాన్ని చూడనే లేదు. తల పక్కకి వంచి వింటున్నారు. ఇంధనం అయిపోయి అది మెల్లిగా దిగాక, "కంప్రెషన్ ఒక్క పిసరు తగ్గించండి" అన్నారు.

మాస్టారు ఇంజను నెత్తిన ఉన్న మర తిప్పి ఆ నొక్కుడు తగ్గించాడు. మళ్ళీ ఇంధనం నింపి, ఇంజను తిప్పి, విమానం నా చేతిలో పెట్టాడు. తను మధ్యకి వెళ్ళకుండా డాక్టరుగారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. అప్పుడు తట్టింది నాకు, ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ పిడి పట్టుకోలేదని.

"వద్దు మాస్టారూ, పగలగొడతాను."

"పగిల్తే ఇంకోటి చేద్దామండి. తొందరేముంది మనకి."

పిడి డాక్టరుగారి చేతిలో పెట్టి, వెనక నిలబడి ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. నేను వదిలాను. విమానం లేచింది. ఇద్దరూ కలిసి గిరగిరా తిరుగుతున్నారు. కాసేపటికి మాస్టారు చెయ్యి తీసేసి కింద కూచుండిపోయాడు, తీగలకి తల తగలకుండా.

విమానం పడలేదు. కానీ తిన్నగా పోవడం మానేసింది. ఆ చేతిలోని వణుకు తీగల వెంబడి పోయి రెక్కల్ని తాకింది. పైకీ కిందికీ, పైకీ కిందికీ, చేప ఈదినట్టు అలలు అలలుగా సాగింది. అంత అందంగా మాస్టారు కూడా ఎప్పుడూ ఎగరెయ్యలేదు. అక్కయ్యగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"అలాగే, అలాగే డాక్టరుగారూ!" అని నేల మీంచి అరుస్తున్నాడు మాస్టారు.

ఇంజను ఆగింది. విమానం ముక్కు నేలకి గుచ్చుకుని ఫ్యాను విరిగింది. డాక్టరుగారికి కళ్ళు తిరిగి గడ్డిలో చతికిలబడ్డారు. నేను పరుగెత్తాను.

"ఎలా ఉందండీ?"

"భూమంతా తిరిగిపోతోంది రత్నం," అన్నారు నవ్వుతూ, రెండు చేతులూ నా ముందుకి చాపి. "చూడు, ఇవొక్కటే కదలకుండా ఉన్నాయి."

చూశాను. ఎప్పట్లాగే వణుకుతున్నాయి.

"అవునండి" అన్నాను.